మా పేరు చెప్పి కొండ కొయ్యకండి

సంపాదకుల వారికి,

ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రోడ్లను వెడల్పు చేసే ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'యాత్రికుల సౌకర్యం' అంటున్నారు. ఆ యాత్రికుల్లో నేనూ ఒకణ్ని. బద్రీనాథ్ వెళ్తుంటే కర్ణప్రయాగ దాటాక కొండచరియ విరిగిపడి మా బస్సు ఐదు గంటలు ఆగిపోయింది. దిగి చూస్తే, రోడ్డు కోసం నిలువునా కోసిన కొండ పచ్చిపుండులా ఉంది. రాయంతా పలకలు పలకలు. చేత్తో లాగితే ఒక పలక ఊడి వచ్చింది, నలిపితే బూడిదరంగు పొడి అయింది.

మాది భువనగిరి. మా గుట్ట అంతా ఒకటే బండ, సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. కొండంటే అదే అనుకుని పెరిగినవాణ్ని. హిమాలయం అలాంటిది కాదు. మన భూఫలకం ఆసియాను ఢీకొట్టి 5 కోట్ల ఏళ్లే అయింది, ఇంకా నెడుతూనే ఉంది. నడుమ ఉన్న సముద్రం అడుగు ముడతలు పడి పైకి లేచింది. మా పూజగదిలోని సాలగ్రామమే సాక్ష్యం. నేపాల్‌లోని ముక్తినాథ్ దగ్గర గండకి నదిలో దొరికే ఆ రాతిలోని చక్రం ఒకప్పటి సముద్రజీవి గుల్ల. రోజూ అభిషేకం చేస్తున్నా ఈ సంగతి నాకు చాలాకాలం తెలియదు!

ఇలా నలిగి, పగుళ్లు బారిన రాతిని అడుగున కోస్తే పైనున్నది వానకు జారక ఏమవుతుంది? బద్రీనాథ్ దారిలోని జోషీమఠ్ ఊరయితే పాత కొండచరియల శిథిలాల మీదే వెలసింది. అక్కడ బండలు తవ్వొద్దని, పేల్చొద్దని ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. వినలేదు. 2023 జనవరిలో వందల ఇళ్లు బీటలిచ్చాయి.

చైనా సరిహద్దుకు సైన్యం వెళ్లాలి, నిజమే. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు డబుల్ లేన్‌కు ఒప్పుకున్నదీ అందుకే. అక్కడైనా కోసిన వాలును కట్టుదిట్టం చేశాకే ముందుకు కదలాలి. వానాకాలంలో తవ్వకం ఆపాలి. తీసిన మట్టిని అలకనంద నదిలోకి తోయకూడదు. మిగతా చోట్ల మాత్రం మా పేరు వాడుకోకండి. రెండు రోజులు ఆలస్యమైతే మాకేం కొంప మునగదు.

మన ట్రావెల్స్ వాళ్లకూ ఒక మాట. నాలుగు ధామాలూ హడావుడిగా తిప్పే ప్యాకేజీలు మానండి. దారి మూసుకుపోతే ఆగడానికి ఒకటి రెండు రోజులు ముందే కలిపి టికెట్లు అమ్మండి.

— ఒక పాఠకుడు, భువనగిరి