వచ్చే సీజన్ నుంచి మీ ప్లాంటు మెయింటెనెన్స్‌లో ఏం తీసేస్తున్నాం, ఏం కలుపుతున్నాం

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడుపుతూ, అమ్మోనియా ప్లాంటు మెయింటెనెన్స్ మాకు అప్పగించిన యజమానులకు, ఇన్‌ఛార్జులకు, ఆపరేటర్లకు నమస్కారం.

మీ ప్లాంటు వివరాలున్న అసెట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటిదాకా పనులన్నీ క్యాలెండర్ లెక్కన వస్తున్నాయి. ఏడాది తిరిగితే కంప్రెసర్ ఓవర్‌హాలింగ్, ఆరు నెలలైతే మోటార్లు విప్పడం, నెల కాగానే గ్రీజు. ఈ షెడ్యూలు పక్కనపెట్టి, ఒక్కో ప్లాంటుకు రిలయబిలిటీ సెంటర్డ్ మెయింటెనెన్స్ (యంత్రం దేనివల్ల, ఎలా చెడుతుందో చూసి దానికి తగ్గ పనులే పెట్టే పద్ధతి), అంటే ఆర్‌సీఎం విశ్లేషణ చేసి, అందులోంచి తేలిన పనులనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టబోతున్నాం. మీకు అలవాటైన కొన్ని పనులు ఇక కనిపించవు. ఇంతకుముందు ఎవరూ అడగని కొన్ని పరీక్షలు వస్తాయి, వాటిలో కొన్నింటికి ప్లాంటు కాసేపు ఆపాలి. ఎందుకో ముందే చెప్పడం మా బాధ్యత.

ముందు తీసేసే పని గురించి. ఏటా కంప్రెసర్‌ను పూర్తిగా విప్పడం ఇక ఉండదు. దాని మీద మాకొచ్చే లేబర్ ఛార్జీ కూడా పోతుంది. అయినా తీసేస్తున్నాం, ఎందుకంటే ఆ పని మీ ప్లాంటుకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసిన నోలన్, హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు చూసిన విమాన భాగాల్లో, వయసు పెరిగేకొద్దీ చెడిపోయే అవకాశం పెరిగేవి 11 శాతమే. 68 శాతం భాగాలకు బిగించిన కొత్తలోనే గండం. అది గడిచాక అవి ఒకే తీరున నడిచాయి. విమానాల అంకెలు అమ్మోనియా ప్లాంటుకు యథాతథంగా వర్తించవు, కానీ విప్పి బిగించడంలో ఉన్న ముప్పు ఇక్కడా ఉంది.

ఎలాగంటే, మిర్చి ఛాంబర్లకు ఎవాపరేటర్ (ఛాంబరును చల్లబరిచే కాయిల్) మైనస్ 5 డిగ్రీల దగ్గర నడిస్తే, కంప్రెసర్ లోపలికి లాగే వైపున్న సక్షన్ గేజి 2.5 బార్ చూపిస్తుంది. లోపలి పీడనం బయటి కంటే ఎక్కువ కాబట్టి నడుస్తున్న ప్లాంటులోకి గాలి దూరదు. దూరేది విప్పినప్పుడు, తిరిగి బిగించాక వాక్యూమ్ సరిగ్గా లాగనప్పుడు. ఆ గాలి పోయి కండెన్సర్‌లో చేరుతుంది. కండెన్సర్ నుంచి దిగే ద్రవం 35 డిగ్రీలుంటే కంప్రెసర్ బయటికి తోసే వైపున్న డిశ్చార్జి గేజి 12.5 బార్ దగ్గర ఉండాలి. అది 14 చూపిస్తుంటే మొదట అనుమానించాల్సింది గాలినే. ప్లాంటు ఆగదు, ఛాంబరు చల్లగానే ఉంటుంది, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా ఎక్కువ వస్తుంది.

నిజంగా అరిగే భాగాలున్నాయి: వాల్వు ప్లేట్లు, పిస్టన్ రింగులు, షాఫ్ట్ సీలు. వాటిని తయారీదారు చెప్పిన రన్నింగ్ అవర్స్ (నడిచిన గంటలు) ప్రకారం మారుస్తాం. చట్టప్రకారం ప్రెషర్ వెసెళ్లకు చేయించాల్సిన పరీక్షలు కూడా అలాగే ఉంటాయి, వాటిని తప్పించే అధికారం ఏ విశ్లేషణకూ లేదు.

ఇక విశ్లేషణ. ఏడు ప్రశ్నలకు వరసగా జవాబు ఉంటేనే దాన్ని ఆర్‌సీఎం అనాలని 1999లో అమెరికా ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ తెచ్చిన జేఏ1011 ప్రమాణం చెబుతుంది. యంత్రం ఏం చేయాలి, ఆ పని ఏయే రకాలుగా తప్పిపోవచ్చు, దేనివల్ల, తప్పితే ఏం జరుగుతుంది, ఆ నష్టం ఎలాంటిది, ముందే ఆపగలమా, ఆపలేకపోతే ఏం చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో వీటన్నిటికీ గళ్లు ఉంటాయి. చాలా విశ్లేషణలు మొదటి గడిలోనే దారి తప్పుతాయి. "కంప్రెసర్ పని అమ్మోనియాను కంప్రెస్ చేయడం" అని రాస్తే అది ఎప్పుడు ఫెయిలైనట్టో ఎవరూ చెప్పలేరు. "ఛాంబర్ల నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నప్పుడు, మే నెల మధ్యాహ్నం కూడా, రెండు కంప్రెసర్లతో లోపల 6 డిగ్రీలు దాటకుండా ఉంచాలి" అని రాస్తే చెప్పగలం. ఆ 6 ఉదాహరణకు వేసిన అంకె. మీ ఛాంబరుకు ఎంత, ఎన్ని గంటలు తట్టుకుంటుంది అన్నది మీ దగ్గర్నుంచే రావాలి. మేం ఊహించి రాయం.

ఫెయిల్యూర్ మోడ్, అంటే చెడిపోవడానికి కారణం, రాసేటప్పుడు లోతు కుదరాలి. "మోటారు కాలిపోయింది" అనేది ఫలితం, దాని మీద ఏ పనీ పెట్టలేం. "బేరింగులో గ్రీజు ఎండిపోయింది", "ఒక ఫేజు పోయినా ప్రివెంటర్ (ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) ట్రిప్ చేయలేదు" అనేవి రెండు వేర్వేరు కారణాలు, రెండింటికీ వేర్వేరు పనులు. అలాగని బోల్టు లోహంలో లోపం దాకా వెళ్తే పట్టిక వందల వరసలవుతుంది, మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. మనం ఏదో ఒకటి చేయగలిగిన చోట ఆగడమే సరైన లోతు.

తనిఖీ ఎన్నాళ్లకోసారి అన్నది యంత్రం వయసును బట్టి కాదు, లోపం బయటపడిన దగ్గర్నుంచి పూర్తిగా చెడిపోయేదాకా ఎంత గడువు దొరుకుతుందన్నదాన్ని బట్టి. పాడవుతున్న బేరింగు సాధారణంగా వైబ్రేషన్ మీటరుకు నెలల ముందు దొరుకుతుంది, చెవికి వారాల ముందు, చేతికి తగిలే వేడిగా కొద్ది రోజుల ముందే. ఆ గడువులో సగానికి ఒకసారైనా చూడాలి. అందుకే వైబ్రేషన్ రీడింగు నెలకోసారి మేం తీస్తాం, శబ్దం మాత్రం మీ ఆపరేటర్ వారానికోసారి వినాలి. చేత్తో తాకి చూడటాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అప్పటికి స్పేరు తెప్పించే వ్యవధి ఉండదు.

మేం ఎక్కువ సమయం పెట్టబోయేది కనపడకుండా చెడిపోయే వాటి మీద: హై ప్రెషర్ కటౌట్, ఆయిల్ ప్రెషర్ కటౌట్ (పీడనం హద్దు దాటితే కంప్రెసర్‌ను ఆపే స్విచ్‌లు), సేఫ్టీ వాల్వు, అమ్మోనియా డిటెక్టర్, డీజీ సెట్ (డీజిల్ జనరేటర్). ఇవి చెడిపోయినా ప్లాంటు మామూలుగానే నడుస్తుంది. అవసరం పడ్డ రోజునే విషయం బయటపడుతుంది. డిటెక్టర్‌నే చూడండి. అందులోని ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ చచ్చిపోతే డిస్‌ప్లే మీద సున్నా, గాలి శుభ్రంగా ఉన్నా సున్నానే. పచ్చ లైటు వెలుగుతోందంటే కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. టెస్ట్ గ్యాస్ పట్టి అలారం మోగిందో లేదో వింటేనే తెలుస్తుంది. పనిచేసే చోట అమ్మోనియాకు ఎనిమిది గంటల పరిమితి 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు), 300 పీపీఎం దగ్గర ప్రాణాపాయం అంటారు. కాబట్టి ఇది వాయిదా వేయదగ్గ పని కాదు.

ఇలాంటి పరీక్షల వ్యవధికి ఒక లెక్క ఉంది: పరికరం చెడి ఉన్నా మనం భరించగల సమయం శాతాన్ని రెండుతో హెచ్చించి, ఆ పరికరం సగటున ఎన్నేళ్లకోసారి చెడుతుందో దానితో మళ్లీ హెచ్చించాలి. కటౌట్ పదేళ్లకోసారి చెడుతుందనుకుని, 99 శాతం సమయం అది సిద్ధంగా ఉండాలనుకుంటే, 2 × 0.01 × 10 = 0.2 సంవత్సరం, అంటే 73 రోజులు. 95 శాతం చాలనుకుంటే ఏడాదికోసారి సరిపోతుంది. ఎంత శాతం అన్నది మీ నిర్ణయం. కానీ మనుషుల ప్రాణాలకు సంబంధించిన చోట 95తో సరిపెట్టడానికి మేం ఒప్పుకోం.

డీజీ విషయంలో వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపేయడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. దాంతో తెలిసేది బ్యాటరీ, సెల్ఫ్ మోటారు సంగతే. ఛేంజోవర్ (మెయిన్ నుంచి డీజీకి మార్చే స్విచ్) అందుకుంటుందా, కంప్రెసర్ స్టార్టింగ్ లోడు మోస్తుందా అన్నవి తెలియవు. పైగా లోడు లేకుండా పదేపదే తిప్పితే కాలని డీజిల్, మసి ఎగ్జాస్టులో పేరుకుంటాయి. ఇకనుంచి నెలకోసారి మెయిన్ సప్లై తీసి, కంప్రెసర్ లోడు మీద అరగంట నడపాలి. స్టార్ట్ చేసేటప్పుడు మల్టీమీటర్ పెట్టి చూడండి. 12 వోల్టుల బ్యాటరీ 9.6 కంటే కిందికి పడితే అది బలహీనపడిందని అనుమానించాలి. ఈ టెస్టు డీజిల్ ఖర్చు మీదే అవుతుంది, బడ్జెట్‌లో వేసుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో పెట్టేటప్పుడు తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. మోటారును, అది కూర్చునే స్థానాన్ని విడివిడిగా నమోదు చేస్తున్నాం. రీవైండింగుకు వెళ్లిన మోటారు తిరిగొచ్చి వేరే బెడ్ మీదికి ఎక్కితే దాని చరిత్ర దాని సీరియల్ నంబరుతోనే వెళ్లాలి. అవర్ మీటర్ మార్చినప్పుడు రీడింగును మామూలుగా ఎక్కిస్తే, సంఖ్య తగ్గిందని చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని తిప్పికొడతాయి, రన్నింగ్ అవర్స్ పనులు అక్కడితో ఆగిపోతాయి. మీటర్ రీప్లేస్‌మెంట్ అనే ఆప్షన్‌లోనే పాత చివరి రీడింగు, కొత్త మొదటి రీడింగు రెండూ ఇవ్వాలి.

రన్నింగ్ అవర్స్ పనుల తర్వాతి గడువు, పని పూర్తయిన రీడింగు నుంచి లెక్కపడుతుంది. కనపడని లోపాల పరీక్షలు మాత్రం నిర్ణయించిన తేదీకే వస్తాయి, లేకపోతే ఆలస్యమైనప్పుడల్లా తర్వాతి గడువు ఇంకా దూరం జరుగుతూ పోతుంది. యంత్రం చెడినప్పుడు ఆపరేటర్ ఎంచుకునే కారణాల జాబితాను ఒక్కో యంత్రానికి పదీ పన్నెండుకు కుదిస్తున్నాం. నలభై ఉంటే ఆపరేటర్ చివరికి "ఇతరములు" నొక్కేస్తారు, ఆ వర్క్ ఆర్డర్ విశ్లేషణకు పనికిరాదు. ఆ జాబితాలో ఉండేవి విశ్లేషణలో రాసిన ఫెయిల్యూర్ మోడ్‌లే, అవే పేర్లతో. అప్పుడే ఏ పని ఫలించింది, ఏది ఊరికే చేస్తున్నాం అన్నది ఏడాది చివర చూడగలం.

లైట్లకు, ఆఫీసు ఏసీలకు ఇదంతా చేయం. చెడిపోయాక బాగుచేసుకుంటే చాలు.

ఫిబ్రవరి నుంచి కొత్త సరుకు లోపలికి వస్తుంది కాబట్టి, ప్లాంటు ఆపాల్సిన పరీక్షలన్నీ డిసెంబరు, జనవరిలో పెడుతున్నాం. నవంబరు లోపు మాకు మూడు కావాలి: రెండేళ్ల లాగ్‌బుక్‌ల ఫొటోలు, ఇప్పుడున్న స్పేర్ల జాబితా, కటౌట్ల సెట్టింగులు. విశ్లేషణకు కూర్చునే రోజుల్లో మీ సీనియర్ ఆపరేటర్ తప్పనిసరిగా మాతో ఉండాలి. ఆయన్ను డ్యూటీలో ఉంచి, బదులుగా అకౌంటెంట్‌ను పంపితే ఆ రోజు పని మొదలుపెట్టం, ఇంకో రోజు వేసుకుందాం. ఏటా ఓవర్‌హాలింగ్ జరగాల్సిందేనని మీరు కోరితే చేస్తాం, కానీ అది ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) బయట, విడి బిల్లు మీద. దానితోపాటు వాక్యూమ్ పరీక్ష రీడింగులు రాసిచ్చే షరతు మా వైపు నుంచి ఉంటుంది.