అడిగితే డిస్కు చేసిచ్చేవాళ్ళు మనకేరీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో పాత సినిమాల మీద ఒక పేజీ వేశారు. బాగుంది. కానీ అందులో అమెరికాలో స్టూడియోలు ఎవరూ పట్టించుకోని పాత సినిమాల్ని కూడా ఆర్డరొస్తే అప్పటికప్పుడు డిస్కు చేసి అమ్ముతారని నాలుగు లైన్లు రాసి వదిలేశారు చూడండి, నేను ఆ నాలుగు లైన్ల దగ్గరే ఆగిపోయా. అసలు రాయాల్సింది అదే కదండీ. మీరు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, పెద్దదైతే కత్తిరించుకోండి, కాకపోతే మధ్యలో కత్తిరించొద్దు, ఎందుకో చివరికి తెలిసిద్ది.

నేనుండేది ఒంగోల్లో, సొంతూరు కందుకూరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మా ఊరిని తీసుకెళ్ళి నెల్లూరులో కలిపారు కాబట్టి నన్ను ఏ జిల్లావాడని వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కందుకూర్లో పదహారేళ్ళు వీడియో షాపు నడిపా. రోజుకి పది రూపాయల అద్దెకి క్యాసెట్లు ఇచ్చేవాణ్ణి, పెళ్ళిళ్ళకి కలర్ టీవీ, వీసీఆర్ కూడా అద్దెకి తోలేవాణ్ణి. షాపు పోయింది, క్యాసెట్లు మిగిలాయి. మా ఆవిడ వాటిని శవాలంటది.

ముందు అమెరికా సంగతి. హాలీవుడ్‌లో వార్నర్ అనే పెద్ద స్టూడియో వాళ్ళు 2009 మార్చిలో వార్నర్ ఆర్కైవ్ అని మొదలుపెట్టారు. మొదట్లోనే 150 సినిమాలు పెట్టారు, ఒక్కోటి 19.95 డాలర్లు, అప్పటి లెక్కలో మన డబ్బుల్లో వెయ్యి రూపాయలనుకోండి. వాళ్ళ చేతిలో వాళ్ళు తీసినవే కాదు, 1986కి ముందు ఎంజీఎం అనే ఇంకో స్టూడియో తీసినవీ, ఆర్‌కేఓ అనే పాత స్టూడియో వాళ్ళవీ అన్నీ ఉన్నాయి, అంటే వేల సినిమాలు. వాటన్నిటినీ మామూలుగా డీవీడీలు వేసి షాపుల్లో పెట్టాలంటే కుదరదు. ఫ్యాక్టరీలో డిస్కు అచ్చు కొట్టాలంటే ముందు గ్లాస్ మాస్టర్ అని గాజు పలక మీద అసలు ప్రతి చెయ్యాలి, దాని నుంచి స్టాంపర్ అని అచ్చు కొట్టే లోహపు దిమ్మ తియ్యాలి, ఆ ఖర్చు తిరిగి రావాలంటే వేలల్లో అమ్ముడుపోవాలి, పోకపోతే గోడౌన్లో పేర్చుకోవాలి. 1930ల్లో వచ్చిన ఏదో చిన్న సినిమాని దేశం మొత్తం మీద ఒక ఐదారొందల మంది కొంటారేమో. అందుకని ఆర్డర్ వచ్చినప్పుడే ఖాళీ డిస్కు మీద రాసి, కవరు ప్రింట్ తీసి, పోస్టులో పంపటం. మనం జిరాక్స్ షాపులో పుస్తకం కాపీ చేయించుకున్నట్టే అనుకోండి. తర్వాత ఎంజీఎం, సోనీ, యూనివర్సల్, ఫాక్స్ అందరూ అదే దారి పట్టారు.

మరి అక్కడి కలెక్టర్లు, అంటే నాలాగా పాత సినిమాలు పోగేసుకునేవాళ్ళు, దండలేశారా అంటే, తిట్టారు. డిస్కు వెనక్కి తిప్పి చూస్తే ఊదా రంగు, అంటే ఇంట్లో కంప్యూటర్లో రాసుకునేదే, దీనికి ఇరవై డాలర్లా అని. ప్రింట్ శుభ్రం చెయ్యలేదు, ఎప్పుడో టీవీ కోసం తీసిపెట్టుకున్న కాపీయే ఎక్కించారు, పాత ట్రైలర్ తప్ప ఇంకేమీ లేదు అని. వేరే దేశాల వాళ్ళకైతే మొదట్లో పంపనే పంపలేదు, వాళ్ళ ఏడుపు ఇంకోటి. ఇంకో రకం వాళ్ళు, ముప్పై ఏళ్ళ నుంచి ఒక్క సినిమా కోసం కాసుకొని ఉన్నవాళ్ళు, నాకు ఊదా అయితే ఏంది పచ్చ అయితే ఏంది, సినిమా వచ్చింది చాలు అని కొనుక్కున్నారు. ఇద్దరూ కరెక్టే. తిట్టినందువల్ల లాభం కూడా వచ్చింది, తర్వాత తర్వాత కొన్నిటిని కొత్తగా స్కాన్ చేసి వేశారు, 2012 నుంచి బ్లూరేలు కూడా తెచ్చారు, అవి ఫ్యాక్టరీలో అచ్చు కొట్టినవే. డబ్బులిచ్చి కొనేవాడు తిడితే కంపెనీ వింటదండీ, ఊరికే చూసేవాడు తిడితే ఎవరు వింటారు.

ఊదా రంగు గురించి వాళ్ళు ఎందుకంత గోల చేశారో నాకు బాగా తెలుసు. 2006, 07 ప్రాంతంలో నేను మా క్యాసెట్లలో మంచివి ఏరి ఓ రెండొందల దాకా డీవీడీల్లోకి ఎక్కించా. రాత్రిళ్ళు కూర్చొని. వాటిని పడమటి గోడకి ఉన్న ఇనప బీరువాలో పెట్టా, అదే నేను చేసిన తప్పు. ఒంగోలు ఎండలు మీకు చెప్పక్కర్లేదు, మే నెల్లో మధ్యాహ్నం ఆ బీరువా తలుపు మీద చెయ్యి పెడితే చుర్రుమంటది. కంపెనీలో కొట్టిన డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే అచ్చు పడి ఉంటాయి, మనం రాసుకునే దాంట్లో రంగు పూత మీద లేజర్ కాల్చిన మచ్చలు, ఆ పూతకి ఎండా పడదు వేడీ పడదు. డిస్కు లోపలి నుంచి బయటికి రాస్తది కదా, అంచులు ముందు చెడతాయి. అందుకని నా డిస్కుల్లో సగానికి సగం ఎట్టా ఉంటాయంటే, టైటిల్స్ బ్రహ్మాండం, పాటలు బ్రహ్మాండం, విలన్ కోటలోకి హీరో దూకేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోద్ది. ఆ కోటలో ఏం జరిగిందో ఇరవై సినిమాల్లో నాకు తెలీదు ఇప్పుడు. అట్టాగని అచ్చు డిస్కులు శాశ్వతం అని కూడా అనుకోమాకండి, 2006 నుంచి 2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్ని చెడిపోతున్నాయని వార్నర్ వాళ్ళే 2025లో ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు, అది ముఖ్యం.

మన దగ్గర ఒప్పుకోటానికి అసలు ఎవరున్నారు? 2007లో మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి దించారు. అప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం, దొరికినవన్నీ కొన్నాం. కానీ అవి ఎక్కువ అమ్ముడుపోయే సినిమాలు. పదిమందికి మాత్రమే కావాల్సిన సినిమా సంగతి అప్పుడూ ఎవరూ అడగలా. ఇప్పుడు డిస్కులే పోయాయి. నాలుగేళ్ళ కింద ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర ఒక 1950ల సినిమా కొన్నా, ఫుల్ మూవీ, ఒరిజినల్ ప్రింట్ అని రాసుంది, 450 రూపాయలు. పెడితే కుడి పక్క పైన టీవీ ఛానల్ లోగో, కింద ఏదో తుపాను హెచ్చరిక స్క్రోలింగ్! మూడు పాటలు లేవు, మా రమణారెడ్డి కామెడీ మొత్తం ఎగిరిపోయింది. నెల్లూరు జిల్లా జగదేవిపేట మనిషి సినిమాలో నెల్లూరు మాట లేకుండా కత్తిరించి నెల్లూరు పక్కనోడికే అమ్మారు. ఫోన్ చేస్తే "సార్, కథకి అడ్డం లేకుండా ట్రిమ్ చేశాం" అన్నాడు. కథ ఎవడిక్కావాలయ్యా, రాకుమారుడు రాకుమారిని చేసుకుంటాడని నాకు తెలీదా.

మా అల్లుడు అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా మామయ్యా అంటాడు. ఉన్నాయి, కాదన్లేదు, ఎక్కించిన వాళ్ళకి దణ్ణం. కానీ చదరం బొమ్మని టీవీ నిండా సాగదీస్తే సావిత్రి ముఖం పళ్ళెం లెక్క కనపడద్ది, లేకపోతే పైనా కిందా కోసేస్తే రాజుగారికి కిరీటం ఉండదు. ఈ రోజు ఉన్న సినిమా రేపు ఉండదు. అసలు ఏ ప్రింట్ నుంచి తీశారో ఒక్కరు చెప్పరు.

ఇప్పుడు మా కలెక్టర్ల గుట్టు కూడా ఒకటి చెప్పాలి. నెల్లూరు సంతపేటలో నాకొక దోస్తు ఉన్నాడు, క్యాసెట్ల కాలం నుంచి. వాడి దగ్గర ఒక సినిమా ఉంది, ఎవరికీ కాపీ ఇవ్వడు, ఇంటికొస్తే పావుగంట చూపించి ఆపేస్తాడు, కాఫీ మాత్రం ఇస్తాడు. ఒకరోజు ఆ సినిమా పూర్తిగా, వాడి దానికంటే మంచి ప్రింట్, నెట్‌లో వచ్చేసింది. నేనే ఫోన్ చేసి చెప్పా, సంతోషిస్తాడని. రెండు నిమిషాలు మాట్లాడలా. తర్వాత "ఏందన్నా, ఇంక నాకాడికి ఎవరొస్తారు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, పెట్టేశాక ఆలోచిస్తే నేను మాత్రం తక్కువా? నా దగ్గర కూడా ఒకటుంది, దూరదర్శన్‌లో వేసినప్పుడు రికార్డు చేసిన జానపదం, మా కావలి రాజనాల ఉన్నాడు అందులో. పేరు రాయను, రాస్తే ఫోన్లు ఆగవు. స్టూడియో వాడు రేపు దాన్ని వెయ్యి రూపాయలకి అమ్మకానికి పెడితే కొంటానా అంటే మొదటి రోజే కొంటా, కానీ లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటది, అబద్ధం ఎందుకు. అమెరికా వాళ్ళ తిట్లలో కూడా ఊదా రంగు పేరు చెప్పి ఈ ముల్లు నొప్పి కొంత ఉండే ఉంటదని నా అనుమానం.

మన వైపు చిక్కు ఏందంటే అమ్మేవాడి దగ్గర సరుకు లేకపోవటం. మొదటి తెలుగు టాకీ 1932లో వచ్చింది, ఆ మొదటి పదేళ్ళ సినిమాల్లో బతికున్నవి బహు తక్కువ. పాత నైట్రేట్ ఫిల్మ్ నిప్పంటుకుంటే ఆరదు, తర్వాత వచ్చిన అసిటేట్ రీళ్ళు తేమకి వెనిగర్ వాసన కొట్టి ముడుచుకుపోతాయి, ఇంకొన్నిటిని వెండి కోసం కరిగించారు. చెన్నైలో ల్యాబులు మూసేసినప్పుడు నెగిటివ్‌లు ఎవరు తీసుకుపోయారో, ఎవరు వదిలేశారో. పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది, దాచారు, దాస్తున్నారు, కానీ దొడ్డవరంలో నాబోటివాడు ఒకడు మా ఊరి భానుమతి సినిమా ఒకటి కావాలి, డబ్బు కడతానంటే ఇచ్చే కౌంటర్ అక్కడ లేదు. ఆమె 1939లో సినిమాల్లోకి వచ్చింది, 1953లో చండీరాణిని తనే డైరెక్ట్ చేసి మూడు భాషల్లో తీసింది. ఒంగోలు పక్కూరి ఆడకూతురు మూడు భాషల్లో తీసిన సినిమా అమెరికాలో అయితే మూడు వెర్షన్లూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు.

హక్కుల సంగతి అడ్డం అంటారు. మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన 60 ఏళ్ళ వరకే. అంటే 1965 దాకా వచ్చినవి సినిమాగా ఎవరి సొత్తూ కావు ఇప్పుడు. పాటల రైట్లు వేరే లెక్క, అది లాయర్లు చూసుకుంటారు. అసలు పట్టు మాత్రం కాయితం మీద లేదు, రీలు ఎవరి గదిలో ఉందో వాడి చేతిలో ఉంది. ఆ గది తాళం తీయించాలంటే వాడికి నాలుగు డబ్బులు కనపడాలి. 2010లో మాయాబజార్‌కి రంగులేసి హాళ్ళలో వదిలితే జనం రాలేదా? అంత పెద్ద సినిమా కాబట్టి వచ్చారంటారా, సరే, చిన్న సినిమాకి హాలు వద్దు, మూడొందల మంది చాలు. ముందే సగం డబ్బు కట్టమనండి, మూడొందల మంది అయితేనే స్కాన్ చెయ్యండి, కాకపోతే మా డబ్బు మాకు వెనక్కివ్వండి. ఊదా డిస్కు ఇస్తారో పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారో మీ ఇష్టం, ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టుకోటం మా తిప్పలు. గీతలున్నా పర్లేదు, మధ్యలో రీలు లేకపోతే లేదని కవరు మీద రాయండి. కత్తిరించొద్దు, అంతే. (మీక్కూడా మొదట్లో అదే చెప్పా.)

ఎడిటర్ గారూ, చివరగా ఒక సొంత పని. ఆ జానపదం క్యాసెట్టు మొన్న బయటికి తీశా. చుట్ట అంచున తెల్లగా బూజు, మూడు గంటలు కూర్చొని చేత్తో తిప్పుతూ మెత్తటి గుడ్డతో తుడిచా, టేపు బాగానే ఉంది. వీసీఆర్‌లో పెడితే మోటరు తిరుగుతోంది, చుట్ట కదలటం లేదు, లోపల రబ్బరు బెల్టు సాగి బంకయింది. ఒంగోలంతా తిరిగా, గాంధీ రోడ్డులో పాత రేడియో మెకానిక్కులు కూడా లేదన్నారు. కుట్టు మిషను బెల్టు కోసి అంటించి చూశా, రాజనాల పెద్దపులి లెక్క నడవాల్సినోడు ముసలి ఎద్దు లెక్క నడిచాడు. మీ పాఠకుల్లో ఎవరి అటక మీదన్నా చెడిపోయిన వీసీఆర్ ఉండి, దాంట్లో బెల్టు బాగుంటే మీ ఒంగోలు ఆఫీసులో చెప్పమనండి, నేనే వచ్చి తీసుకుంటా. బెల్టిచ్చిన వాళ్ళకి సినిమా కాపీ ఫ్రీ. మా నెల్లూరోడికి మాత్రం చెప్పొద్దు.

ఇట్లు,
ఒకప్పటి వీడియో షాపాయన,
ఒంగోలు