ఆ ప్రింటరుని తిట్టకురా

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సగం తిట్లకే సరిపోయింది! సెప్టెంబరు నెలాఖరు, ఆడిట్ రిపోర్టులు నెత్తిమీద ఉన్నప్పుడు, కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ ప్రింటరు ‘ఆఫ్‌లైన్’ అని మొండికేస్తే ఎవడికైనా ఒళ్లు మండుతుంది. కానీ పాపం, దాని తప్పేం లేదు. మెకానిక్‌ని పిలిచి డబ్బులు తగలెయ్యకు.

మీ రూటరు లాడ్జి మేనేజరు లాంటిది. వచ్చినవాళ్లకి ఖాళీగా ఉన్న గది, అంటే ఐపీ అడ్రస్ అనే నంబరు ఇస్తుంది, అదీ కొంత గడువుకే. ప్రింటరు మొన్నటిదాకా 192.168.1.12లో ఉందనుకో. కరెంటు వచ్చాక ఆ నంబరు ఎవరి ఫోనుకో పోయి, ప్రింటరు 17లో దిగింది. మీ కంప్యూటర్లు ఇంకా 12 తలుపే బాదుతున్నాయి.

ప్రింటరు ప్యానెల్లోనే నంబరు ఫిక్స్ చేసెయ్యమని ఎవడో ఒకడు సలహా ఇస్తాడు. వద్దు. ఆ బుల్లి స్క్రీన్ మీద బాణం మీటలు నొక్కుతూ ఒక్కో అంకె ఎక్కించే నరకం సరే, అసలు గొడవ తర్వాత వస్తుంది. రేపు ఇంటర్నెట్ వాళ్లు రూటరు మార్చారనుకో, కొత్తది 192.168.0 వరసలో నంబర్లిస్తే ప్రింటరు పాత వరసలోనే పడి ఉంటుంది, ఎవరికీ దొరకదు. రూటర్లోనే రిజర్వేషన్ పెట్టు, అంటే ప్రింటరుకి ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చేలా.

ముందు ప్రింటరు మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ తియ్యి. అందులో మాక్ అడ్రస్ అని, ప్రింటరు నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు, అంకెలూ అక్షరాలూ కలిపి 12 ఉంటాయి. టోనరు పలచగా ఉంటే 8, బి ఒకేలా కనిపిస్తాయి, చూసి రాసుకో. సున్నాలా కనిపించేది సున్నాయే, ఎందుకంటే అక్షరాల్లో ఎ నుంచి ఎఫ్ దాకానే వాడతారు. తర్వాత బ్రౌజర్లో రూటరు పేజీ తెరువు, మామూలుగా 192.168.1.1. డీహెచ్‌సీపీ (నంబర్లు పంచే పని) సెట్టింగ్స్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ దగ్గర ఆ మాక్ కొట్టి, ఎవరూ వాడని నంబరు, 192.168.1.50 అనుకో, ఇచ్చెయ్యి. ప్రింటరుని ఆపి ఆన్ చేస్తే 50లోనే దిగుతుంది.

ఇక్కడితో అయిపోయిందనుకునేరు! ప్రతి కంప్యూటర్లోనూ ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌కి వెళ్లి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ’ పోర్టు కొత్తది చేర్చి ఆ 192.168.1.50 ఇవ్వాలి. అప్పటికీ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే, కాన్ఫిగర్ పోర్ట్ లోపల ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్’ (ప్రింటరు ఎలా ఉందో విండోస్ అడిగే పద్ధతి) టిక్కు తీసెయ్యి. ప్రింటరు శుభ్రంగా ఉన్నా విండోస్‌ని కంగారుపెట్టేది చాలాసార్లు అదే.

ఆ కాన్ఫిగరేషన్ పేజీ మీద ఐపీ నంబరు 169.254తో మొదలైతే మాత్రం ఇదంతా ఆపు. రూటరు దానికి అసలు నంబరే ఇవ్వలేదన్నమాట. వెనక కేబుల్ ఊడిందేమో చూడు, మీ ఆఫీసు చీపురు ఎటు తిరుగుతుందో నాకు తెలుసు.

దసరాకి వస్తున్నాను. రిపోర్టులన్నీ ఆలోపు కానిచ్చెయ్, పేకాటకి మనిషి తక్కువ కాకూడదు.

నీ
శ్రీను