షెడ్యూలుకెక్కని సవర గూడేలు

అయ్యా,

మందస, మెళియాపుట్టి కొండల్లో చాలా సవర గిరిజన గూడేలు, గిరిజన ప్రాంతాల రక్షణకు రాజ్యాంగంలో పెట్టిన అయిదో షెడ్యూలు బయటే ఉండిపోయాయి. అదే కొండ, అదే పోడు, అవే జీడితోటలు. అయినా సీతంపేట షెడ్యూలు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపలా ఉన్న 1/70 చట్టం వీళ్లకు లేదు. షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకిచ్చిన అధికారాలూ రావు. పల్లపు పంచాయతీకి శివారు గూడెమైతే మరీ అన్యాయం: సభ కింద ఊళ్లో, తీర్మానం ముందే రాసి ఉంటుంది, వీళ్లది వేలిముద్ర. 1839లో తెల్లదొరలు గంజాం, విశాఖ ఏజెన్సీని మామూలు చట్టాల నుంచి తప్పించింది గిరిజనుల మీద ప్రేమతో కాదు లెండి. మనవాళ్లయినా గిరిజనుల్ని అడిగి షెడ్యూలు గీత గీయాలి కదా? రాష్ట్రపతి ఉత్తర్వుతో షెడ్యూలు ప్రాంతం పెంచవచ్చు. ఆ ప్రతిపాదన ప్రభుత్వం వెంటనే పంపాలి.

– ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా