ఎటు పక్కన ఏడుస్తోందో చూడు

చి. ల. సౌ. సుజాతకు, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం కులాసా. నాన్నగారి మోకాలు పర్వాలేదు. మంగళవారం నాడు పెరట్లో మునగ కొమ్మలు కొట్టించి, ఆకు నీడన ఎండబెట్టాను. నీవు ఫోను చేసి నేటికి ఆరు రోజులైంది. పసిపిల్లతో తీరిక ఉండదని తెలుసు కనుక దాని గురించి ఏమీ అనడం లేదు. అయితే నిన్న గుడిలో సరోజ పిన్ని కనబడి, బుజ్జి పాలు తాగబోతూనే వెనక్కి విరుచుకుని ఏడుస్తోందనీ, నీవు పాలు చాలడం లేదని బెంగపడి డబ్బా తెప్పించావనీ చెప్పింది. ఆవిడ మాటల్లో సగం కొట్టేయాలని నీకూ తెలుసు. డబ్బా సంగతి నేను అడగడం లేదు.

వెల్లుల్లి కారం, శొంఠి పొడి చంటిగాడి చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారం పుణె చేరుతాడు. అల్లుడుగారికి కారం తగ్గించి కలుపు. నీవు మాత్రం పిల్లకు పాలు పట్టిన ప్రతిసారీ పక్కన ఒక చెంబు నీళ్లు పెట్టుకో.

పిల్ల ఎప్పుడు ఏడుస్తోందో గమనించావా? నోట పెట్టుకున్న ఒకటి రెండు నిమిషాలకే గుటక వేయలేక పొలమారి, దగ్గి, వదిలేసి ఏడిస్తే అది పాలు చాలకపోవడం కాదు, ధార మరీ ఉరవడిగా రావడం. బాగా తాగుతూ మధ్యలో మెలికలు తిరిగితే గాలి మింగి ఉంటుంది. భుజాన వేసుకుని తేన్పు వచ్చాక మళ్లీ పట్టు. ముక్కు దిబ్బడ వేసినా ఊపిరి కోసం వదిలి వదిలి తాగుతుంది. ఒక్క పక్కనే ఏడుస్తుంటే, మొన్న ఆరు వారాల టీకాలు వేయించామన్నావు కదా, సూది వేసిన తొడ నీ ఒంటికి ఒత్తుకుంటోందేమో చూడు. నాలుక మీదా బుగ్గల లోపలా పెరుగు తరకల్లాంటి తెల్లమచ్చలు తుడిచినా పోకుండా ఉంటే అది నోటిపూత; డాక్టరుగారు నీకూ దానికీ కలిపి మందు ఇస్తారు. ఇవన్నీ ఫోనులో చెబుదామంటే నీవు మాట పూర్తి కానివ్వవు, అందుకే ఉత్తరం.

మీ అన్నయ్య పుట్టినప్పుడు, అంటే 1990 ఎండాకాలంలో, సరిగ్గా ఇదే జరిగింది. రొమ్ము రాయిలా గట్టిపడి ఉండేది, వాడు నోట పెట్టుకోగానే ఎగిరెగిరి ఏడ్చేవాడు. మీ నాయనమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, ఆముదం చుక్క నాకించింది, చివరికి నా పాలు వాడికి పడలేదని తేల్చింది. నేనూ నమ్మాను. రెండో నెలలో డబ్బా వచ్చింది. అది నెలంతా రావాలని నీళ్లు ఎక్కువ పోసి కలిపేవాళ్లం, వాడు చిక్కిపోయాడు. పిల్లవాడు లాగకపోతే పాలు ఊరవు కదా, నాకూ వెనక్కి తీసేశాయి. నాలుగేళ్ల తరువాత నీవు పుట్టి, అదే తంతు మళ్లీ మొదలయ్యేసరికి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. టీకాకు వచ్చిన నర్సమ్మ నా ముందే పట్టమని కూర్చుంది. రెండు నిమిషాలు చూసి నవ్వి, “పాలు లేక కాదమ్మా, వరద” అన్నది. మొదటి ధార గుడ్డలోకి పిండేయమని చెప్పి, నన్ను మీ నాన్నగారి పడక కుర్చీలో వెనక్కి వాలమని, నిన్ను నా గుండెల మీద బోర్లా ఆనించింది. పాలు ఎదురెక్కి రావలసి వచ్చేసరికి ఉరవడి తగ్గింది, నీవు కళ్లు మూసుకుని తాగావు. మీ నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసి, మాట్లాడకుండా వెళ్లి నాకు కాఫీ కలిపి తెచ్చింది.

నీవు కూడా అలా వెనక్కి వాలి చూడు. నోరు ఆవులించినంత తెరిచాకే దగ్గరికి తీసుకో. చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం చాలావరకు లోపలికి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. టక్ టక్‌మని చప్పుడు వస్తున్నా, నీకు నొప్పి పుడుతున్నా పట్టు కుదరలేదని అర్థం. చిటికెన వేలితో నోటి మూల నుండి విడిపించి మళ్లీ పట్టు. ఎన్నిసార్లు చేసినా కుదరకపోతే నాలుక కింది పొర బిగుసుగా ఉందేమో డాక్టరుగారిని చూడమను. సాయంత్రం అరగంటకోసారి అడగడం ఈ వయసులో మామూలే. రొమ్ము మెత్తగా ఉన్నంత మాత్రాన పాలు లేవని కాదు. రోజుకు ఆరు గుడ్డలకు తక్కువ కాకుండా తడుపుతూ, బరువు పెరుగుతూ ఉంటే దానికి సరిపోతున్నట్టే. గ్రైప్ వాటరు, కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు నెలలు నిండేదాకా ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించకు. ఒళ్లు 100.4 డిగ్రీలకు చేరినా, పాలు అసలే ముట్టకపోయినా నా ఉత్తరం చదువుతూ కూర్చోక ఆసుపత్రికి వెళ్లు. నీకు రొమ్ములో ఒకచోట ఎర్రబడి జ్వరం వచ్చినా అంతే. ఉపన్యాసం చెప్పకూడదనుకునే కలం పట్టాను.

డబ్బా కొన్నా నీ మీద నాకు కోపం లేదు. కలిపేటప్పుడు మాత్రం డబ్బా మీద రాసిన కొలతే, చెంచా తగ్గకూడదు.

మీ అత్తగారికి నా నమస్కారాలు. రాత్రిళ్లు ఫ్యాను కింద తల తడిగా పడుకోకు. బుజ్జి ఎటు పక్కన ఏడుస్తోందో, ఎన్ని గుడ్డలు తడుపుతోందో రాయి. రాయలేకపోతే ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే, నేను మెలకువగానే ఉంటున్నాను.

అమ్మ