ఆదివారం సాయంత్రం సిపాయి కథ

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం 4 గంటలకి మా ఇంట్లో ‘షార్ప్’ అనే సీరియల్ మొదటి భాగం వేస్తాను. 1993లో బ్రిటన్ టీవీలో వచ్చింది, బెర్నార్డ్ కార్న్‌వెల్ నవలల నుంచి తీసినారు. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు ముందే చెప్పండప్పా, బోండాలు లెక్కపెట్టి వేయాల.

కథ చిన్నదే. షార్ప్ అనే మామూలు సార్జెంటు ఒకడు బ్రిటిష్ సైన్యాధిపతి వెల్లెస్లీ ప్రాణం కాపాడి ఆఫీసరవుతాడు. ఆ కాలంలో ఆఫీసరు పదవిని డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్లు. ఆ పద్ధతి 1871 దాకా పోలేదు. అట్లాంటి దొరల మధ్య ఇతను కూర్చుంటే ఎవరికి నచ్చుతుంది? సొంత సిపాయిలు కూడా లెక్కచేయరు. నాకు యుద్ధం కంటే ఆ చిన్నచూపే ఎక్కువ పట్టింది.

టీవీలో ఆ ప్రాణం కాపాడేది పోర్చుగల్‌లో. నవలల్లో మాత్రం మన దేశంలోనే, 1803 అస్సాయి యుద్ధంలో! నవలలో షార్ప్‌ది నల్ల జుట్టు, తెరమీద ఆ వేషం వేసిన షాన్ బీన్ జుట్టు వేరే. మొదట తీసుకున్న నటుడు షూటింగ్ మధ్యలో ఫుట్‌బాల్ ఆడి మోకాలికి దెబ్బ తగిలించుకుంటే ఆ వేషం ఈయనకి దక్కింది.

ఇంకో నవల టిప్పు సుల్తాన్ మీద జరిగిన 1799 శ్రీరంగపట్నం ముట్టడి మీద ఉంది. టిప్పు తండ్రి హైదర్ అలీ 1782లో చనిపోయింది మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గరే కదా, అందుకే అది తర్వాత చదవాలని నా పట్టు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉంటాయి, పెద్దవాళ్లకి పక్కన కూర్చుని నేను చెప్తాను.