రంగుల ప్రింట్లు మా దగ్గర ఎందుకు ఉండవంటే

మా అడవిపూల ప్రింట్లు కొనేవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న మాట: "ఇదే ఫొటో రంగుల్లో దొరుకుతుందా?" దొరకదండీ. రంగుల్లో పెడితే అమ్మకాలు పెరుగుతాయని నాకూ తెలుసు. కానీ ఇవన్నీ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసినవి. నెగటివ్‌లో రంగే లేదు, ఇక ఎక్కణ్ణించి తెచ్చేది?

ఎర్రటి పువ్వు పచ్చటి ఆకుల మధ్య కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రంగు తీసేస్తే మాత్రం రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి, పువ్వు ఎక్కడుందో వెతుక్కోవాలి. లెన్స్‌కి ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే పువ్వు తెల్లబడి ఆకు నల్లబడుతుంది. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే అంతా తారుమారు. అందుకే నేను ఎక్కువగా ఉమ్మెత్త లాంటి తెల్లపూల వెంట పడతాను. సాయంత్రం విచ్చుకుని మర్నాటికే వాడిపోయే పువ్వది. పక్కనుంచి వెలుతురు పడితే రేకు మీది ఈనెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఇక కొత్త ప్రింట్ల సంగతి. ఈసారి పూలు తక్కువ. చెట్టు బెరడు, రాయి, ఎండి పగిలిన బురద ఎక్కువ. ఇవి పూలంత అమ్ముడుపోవు, ఆ టెన్షన్ ఉంది. అయినా పొద్దువాలే వేళ ఏటవాలు ఎండలో బెరడును చూడండి, ప్రతి పగులుకీ ఒక నీడ ఉంటుంది. మధ్యాహ్నం అదే చెట్టు చప్పగా ఉంటుంది. బెర్లిన్‌లో డిజైన్ పాఠాలు చెప్పిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ విద్యార్థులకు చూపించడానికని మొగ్గల్ని, కాడల్ని ఎన్నో రెట్లు పెద్దవి చేసి తీశాడు. 1928లో అవి పుస్తకంగా వచ్చి పేరు తెచ్చేసరికి ఆయనకు 60 దాటాయి. నాకింకా టైముంది!

ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయని కొందరు విసుక్కుంటున్నారు, న్యాయమే. ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేని ఫొటో కాగితం) మీద వేసిన ప్రింట్‌లో ఫిక్సర్, అంటే బొమ్మ చెడకుండా నిలబెట్టే రసాయనం, మిగలకుండా బాగా కడగాలి, లేదంటే కొన్నేళ్లకు పసుపు మరకలు తేలతాయి. ఆరాక పేపర్ చుట్టుకుపోతుంది, ప్రెస్‌లో పెట్టి చదును చేయాలి. ఈ పని కుదించడం నాకిష్టం లేదు. తొందరగా కావాలనుకునేవాళ్లకి చిన్న సైజులు ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ పేపర్ మీద వేసిస్తాను. అది త్వరగా కడిగేయొచ్చు, ఆరడమూ త్వరే. నలుపులో ఆ లోతు మాత్రం కాస్త తగ్గుతుంది. ఏ పేపర్ కావాలో ఆర్డర్‌లోనే రాయండి.